పాళీ పట్టిన పగ

నేను ఒక ఉక్కు పాళీని. సిరాలో ముంచితే తప్ప నోరు విప్పని జాతి మాది. ఎక్కడో కర్మాగారంలో రేకు నుంచి నన్ను కత్తిరించి, నడుమ చీల్చి, నిప్పులో కాల్చి గట్టిపరిచారు. అంత బాధలో పుట్టినదానికి మెత్తని మనసు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదట నన్ను కొన్నది విజయవాడలో ఒక డ్రాయింగు మాస్టారు. బడిపిల్లల సర్టిఫికెట్ల మీద నాతో పేర్లు రాసేవారు. చేయి వణకడం మొదలయ్యాక తన శిష్యురాలు పరంజ్యోతికి ఇచ్చేశారు. నేను నిజంగా బతికింది ఆమె చేతిలోనే. పిల్లల వారపత్రికలో వచ్చే బొమ్మల కథలకు నీడలు వేయడం ఆమె పని. రాక్షసుడి గరుకు బుగ్గ, వాన ముందటి ఆకాశం, పాడుబడ్డ కోటగోడ, అన్నీ సన్నని ఏటవాలు గీతలతోనే పుట్టించేది.

ఆ బొమ్మలు వేయించే స్టూడియో యజమాని శేషుబాబు. కొత్తవాళ్లకు నేర్పడానికని చెప్పి, రకరకాల నీడలు తెల్లకాగితాల మీద గీసిమ్మన్నాడు. ఆమె సంబరంగా గీసిచ్చింది. ఆయన వాటిని స్కాన్ చేయించి, కంప్యూటర్లో బొమ్మలు వేసేవాళ్లు ఒక్కసారి లాగితే ఆ నీడే పడే డిజిటల్ బ్రష్షులుగా మార్పించి, తన పేరుతో అమ్మకానికి పెట్టాడు. తర్వాత ఆమెను పిలిచాడు.

"ఇక నువ్వు రానక్కర్లేదమ్మా. నీ గీతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయిగా."

"గీతలెక్కాయి సరేనండీ, గీసిన మనిషి పేరేదీ?"

"నీడలకి పేరేంటమ్మా" అంటూ ఆయన ఫోన్లోకి తల దించుకున్నాడు.

మనుషులు చిత్రమైనవాళ్లు. బంగారు గాజు పోతే పోలీసుల దగ్గరికి పరుగెడతారు. గీత పోతే ఎవరికి చెప్పుకోవాలో వాళ్లకే తెలియదు. పరంజ్యోతి ఎవరికీ చెప్పలేదు. పెళ్లికార్డులు డిజైన్ చేసే నస్రీన్ కొట్లో కూర్చుని కంప్యూటరు పని నేర్చుకుంది. శేషుబాబు బ్రష్షులు ఒకే ముక్కను మళ్లీ మళ్లీ అచ్చు గుద్దుతున్నాయనీ, వాటితో వేసిన ఆకాశం పూలచీరలా కనిపిస్తోందనీ అక్కడే కనిపెట్టింది. ఒక్కో నీడకు బోలెడన్ని గీతలు నాతో గీసింది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ప్రతిసారీ వేరే గీత పడేలా, డిజిటల్ పెన్ను నొక్కితే లావెక్కేలా, తేలిస్తే వెంట్రుకలా సన్నబడేలా సొంత బ్రష్షులుగా అమర్చింది. కసితో నొక్కుతుంటే నా చీలిక విచ్చుకునేది. నాకది హాయిగానే ఉండేది.

బ్రష్షులు తయారయ్యాక, ఇంటర్నెట్లో పెట్టి అందరికీ ఊరికే పంచేస్తానంది.

"ఊరికే ఇస్తే నీకేం మిగులుతుందక్కా?" అంది నస్రీన్.

"వాడికీ ఏం మిగలదు."

అలాగే అయింది. శేషుబాబు సరుకు కొనేవాడు లేడు. ఒకరోజు ఆయనే ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ ఉచిత బ్రష్షులు తీసేస్తే తన బ్రష్షుల మీద ఆమె పేరే వేస్తానన్నాడు. ఆమె కూర్చోమనలేదు.

"ఆలస్యమైందండీ. అదిప్పుడు నా చేతిలో లేదు, అందరి చేతుల్లో ఉంది."

ఆ మాటకు అర్థం ఆమెకూ తర్వాతే తెలిసింది. పనికోసం వారపత్రికకు వెళితే సంపాదకుడు ఎంతో మెచ్చుకుని, తమ చిత్రకారులంతా ఆమె బ్రష్షులే వాడుతున్నారనీ, నీడలకు వేరే మనిషి అక్కర్లేదనీ మర్యాదగా చెప్పాడు.

బాధగా ఉందా అని నస్రీన్ అడిగింది.

"ఉంది. అయినా మళ్లీ అదే చేస్తాను" అంది పరంజ్యోతి.

ఇప్పుడామె ఆ కొట్లోనే పెళ్లికార్డులు చేస్తోంది. నేను బల్ల మీది డబ్బాలో, చీలికలో సిరా గడ్డకట్టి, తుప్పు పడుతున్నాను. నాకేం బాధలేదు. కాకపోతే శేషుబాబు స్టూడియోకి తాళం పడిందని విన్నరోజు, ఒక్క చుక్క సిరా దొరికితే బాగుండుననిపించింది. ఆ తాళం కింద నీడ గీసేదాన్ని.