వలిపిని తాళంచెవి

ఎత్తైన కొండల మీది చిల్లాపాంపా ఊళ్లో, బడి వెనక రోజూ పొద్దున ఒక ముచ్చటైన దృశ్యం కనిపిస్తుంది. ఆడవాళ్లు మట్టిగోడకు వీపులు ఆనించి, టోపీలు ముఖం మీదికి లాక్కుని, లామా ఉన్ని వడుకుతూ కబుర్లాడుకుంటుంటారు. ఈ ఊరి ఆడవాళ్లకు ఎంత తీరికో అని దారిన పోయేవాళ్లు అనుకుంటారు. నిజానికి వాళ్లు తాళం తీసే మనిషి కోసం కాచుకుని ఉంటారు.

ఆ గోడ వలిపినిది. నేలలోకి నిలువులోతు తవ్వి, చుట్టూ పచ్చి ఇటుకలు పేర్చి, ఈ దక్షిణపు నేలలో ఉత్తరాన్నుంచి వచ్చే ఎండ లోపల పడేలా ఏటవాలుగా ప్లాస్టిక్ పట్టా కప్పిన తోట అది. ఇక్కడ చలికాలమైన జూన్‌లో మంచుకు పైన గడ్డిపరక కూడా మాడిపోతుంటే కింద పాలకూర చిగురిస్తుంది. విత్తేది, తడిపేది, కలుపు తీసేది ఆడవాళ్లే. తాళంచెవి మాత్రం ఈ ఏడు ఊరిపెద్ద వంతు వచ్చిన సెవెరో నడుముకు, నమిలే కోకా ఆకుల సంచి పక్కన వేలాడుతుంది. అంత పెద్ద తాళంచెవి మగవాడి నడుముకే నప్పుతుందనుకున్నారో ఏమో, ఎందుకలా అని ఎవరూ అడగలేదు.

మొన్న సెవెరో కూతురు రోసెందా బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. నర్సు వచ్చి, ఆ పిల్లకే కాదు, బడి మొత్తానికి రక్తం పలచబడిందని చెప్పింది. ఎండు దుంపలూ సేమ్యాలూ పెట్టింది చాలు, ఇక ఆకుకూర పెట్టండంది. సోమవారం నుంచి బడి కుండలో ఆకుకూర వేయాలని ఊరంతా ఒప్పుకుంది.

గురువారం తెల్లవారకముందే సెవెరో ఎద్దును చూడటానికి సంతకు బయలుదేరాడు. రాత్రి మంచు గట్టిగా పడింది కదా అని, వెళ్తూ వెళ్తూ వలిపిని తలుపు సందులను గడ్డితో, బురదతో తన చేత్తోనే మూసి, తాళం వేశాడు. ఈ ఎత్తున పుట్టినవాళ్లకు మంచు అంటే భయం తల్లిపాలతోనే వస్తుంది. ఎండకు భయపడమని మాత్రం ఎవరూ నేర్పరు.

పొద్దెక్కింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. సెవెరో భార్య ప్లాసిదా పట్టా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. లోపల ఆకులు తడిగుడ్డల్లా వాలిపోయి ఉన్నాయి.

"ఉడికిపోతున్నాయే," అంది.

"పట్టా కోసేద్దాం అక్కా," అంది పక్కింటి ఎల్సా.

"కోస్తే రాత్రికి మంచు తినేస్తుంది. మధ్యాహ్నం చావాల్సినవి అర్ధరాత్రి చస్తాయి, అంతేగా."

"పోనీ తాళం పగలగొడదాం."

"ఆ తాళమా? మా ఆయన పెళ్లికి కూడా అంత గట్టి సరుకు తేలేదు."

ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా కదురు ఆపని గ్రెగోరియా అవ్వ తలెత్తింది.

"ఈ గోడకు బురద తొక్కిందెవరే?"

"మనమే అవ్వా."

"ఇటుకలు మోసిందో?"

"మనమే."

"మరి ఎవర్ని అడగాలని నిలబడ్డారు?"

ప్లాసిదా గునపం తెచ్చి వెనక గోడ ఎక్కింది. కప్పు దూలాలన్నీ ఆ గోడ మీదే ఆనుకుని ఉన్నాయి. తప్పు ఇటుక కదిపితే కప్పు తోట మీద కూలుతుంది. రెండు దూలాల నడుమ చోటు చూసుకుని పొడిచింది. మట్టి రాలింది. ఒక దూలం కిర్రుమంది. కిందివాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. ఇంకోసారి పొడిచేసరికి ఇటుక ఊడివచ్చి, ఉడుకుతున్న కుండ మూత తీసినట్టు ఆవిరి ఆమె ముఖాన కొట్టింది. పక్క ఇటుకా లాగేసింది. ఎల్సా తలుపు కింది గడ్డి పీకేసి చల్లగాలికి దారి ఇచ్చింది.

పట్టాకు దగ్గరగా ఉన్న మొక్కలు మాడిపోయాయి. మిగతావి పొద్దు వాలే వేళకు ఒక్కొక్కటిగా తల ఎత్తాయి.

సాయంత్రం సెవెరో వచ్చి గోడ చూశాడు.

"ఊరి సొత్తుకు చిల్లు పెడతావటే? రేపు సభలో నా పరువేం కాను?"

"పరువుకేం కాదులేవయ్యా, రాత్రికి గడ్డిమూట కుక్కితే సరిపోతుంది, ఆ చిల్లుకీ దానికీనూ."

"తాళం నా బాధ్యత."

"పెళ్లాం లేనివాడికి ఈ ఊళ్లో పెద్ద వంతే రాదు. ప్రమాణం నాడు ఇద్దరం కలిసే మోకాళ్లూనాం. మరి తాళంచెవి నీ ఒక్కడిదెలా అయింది?"

సెవెరో తాళం తీసి లోపలికి దిగాడు. మాడిన ఆకు ఒకటి వేళ్ల మధ్య పొడి అయింది. రోసెందా ముఖం గుర్తొచ్చిందేమో, తల ఎత్తిన మొక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

మర్నాడు సభలో, ఆ చిల్లు పూడ్చాలని ఇద్దరు ముగ్గురు లేచారు. సెవెరోయే అడ్డుపడ్డాడు. "అది చిల్లు కాదు, కిటికీ. కట్టినప్పుడే పెట్టాల్సింది," అని గొంతు సవరించుకున్నాడు. "సోమవారం కుండలోకి దానివల్ల మిగిలిన ఆకే దిక్కు. బురద పెట్టి మూసింది నేనే." నడుము నుంచి తాళంచెవి విప్పాడు గానీ, ఎవరికివ్వాలో తోచక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

గ్రెగోరియా అవ్వ కర్ర ఊని లేచింది. సభలో ఆడవాళ్లు కూర్చున్నచోటు నుంచి ఎవరైనా మాట్లాడటం అరుదు.

"ఎండను పట్టి లోపల దాచడం నేర్చుకున్నాం, బాగానే ఉంది," అంది. "కానీ ఎంత మంచి తోట కట్టినా, వేళకు తలుపు తీసే మనిషి లేకపోతే అది మొక్కల పాలిట పొయ్యి అవుతుంది. మన పిల్లల కంచంలోకి ఏడాది పొడుగునా ఆకు రావాలంటే, ఆ ఆకును పెంచే మనిషి చేతికి ముందు ఆ తాళంచెవి రావాలి."