నడినెత్తి ముడి

నా భయం ఒక్కటే. నా కూతురి తలలోకి పంపే కిరణం ఆగాల్సిన చోట ఆగదేమోనని.

గడ్డ మెదడులో, కంటి నరానికి ఆనుకుని ఉంది. ప్రోటాన్ చికిత్స మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"మామూలు ఎక్స్‌రే కిరణం తలలో ఇటు దూరి అటు బయటికి పోతుందమ్మా. ప్రోటాన్ అలా కాదు. మేం లెక్కగట్టిన లోతు దాకా వెళ్ళి, అక్కడే బలమంతా కుమ్మరించి ఆగిపోతుంది. దాని వెనకున్న మంచి భాగం జోలికి పోదు."

"లెక్క తప్పితేనో?"

"తప్పకుండా చూడ్డానికే కదా ఇంతమందిమి ఉన్నది!"

నాది ఎనిమిదో తరగతితో ఆగిన చదువు. లెక్కలంటే అప్పుడూ వణుకే, ఇప్పుడూ వణుకే.

రోజూ పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, దాని మొహానికి సరిగ్గా అచ్చుపోసిన జాలీ మాస్కు బిగిస్తారు. ఎముకలు నిన్నటి చోటే ఉన్నాయో లేదో ఫోటో తీసి సరిచూస్తారు. ఆపైన గోడంత మందపు తలుపు మూసుకుంటుంది. అది లోపల, నేను బయట.

పిల్ల జుట్టు రాలిపోతోందని మా అత్తయ్యకు బెంగ. "విరబోసుకుని వెళ్తే ఆ యంత్రం కూడా జడుసుకుంటుందే" అంటూ, మిగిలిన జుట్టుకు నూనె పట్టించి, నడినెత్తిన బిగించి ముడివేసి, పైన గుడ్డ కట్టేది. గుడ్డ తీయబోతే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. లోపల మాస్కు బిగించే అమ్మాయి జాలిపడి, "పలచనిదేగా, ఉండనీండి మామ్మగారూ" అంది.

హాల్లో మా పక్కన కూర్చునే లారీ డ్రైవరు కూతురికీ అత్తయ్యే ముడివేసింది. తల్లి లేని పిల్ల. దానికీ కిరణం నెత్తి మీదనుంచేనట.

"నాకు స్టీరింగు తిప్పడం వచ్చుగానీ, జడ వెయ్యడం రాదు పెద్దమ్మా" అన్నాడతను.

"ఘాట్ రోడ్డుకు బెదరనివాడివి, మూడు పాయలకు బెదురుతావా?" అని నవ్వి, అల్లి నడినెత్తిన ముడివెయ్యడం అతనికీ నేర్పింది.

నిన్న లోపల కొత్తమ్మాయి. పిల్ల ఏడుస్తున్నా గుడ్డ విప్పేసింది. ముడిని వేళ్ళతో నొక్కి చూసి, నన్ను పిలిచింది.

"లోతు లెక్కకట్టడానికి మొదట్లో స్కాన్ తీసిననాడు ఇది ఉందామ్మా?"

"లేదు. జుట్టు వదిలేసే ఉంది."

"కిరణం దిగేది ఇక్కడే. నూనె జుట్టు ఇంత మందాన అడ్డుంటే, దాన్ని దాటడానికే కొంత బలం అయిపోతుంది. అనుకున్న లోతుకి చేరదు. మేం తీసే ఎముకల ఫోటోలో జుట్టు కనపడదు."

చికిత్స ఆపేశారు. డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "గడ్డ అడుగు అంచుకి ఇన్నాళ్ళూ ఎంత అందిందో మళ్ళీ లెక్క వెయ్యాలి" అని మాత్రం అంది. అందకపోయినచోట గడ్డ ఏం చేస్తోందో నేను అడగలేదు. అత్తయ్య కుర్చీలో కూలబడి, "నా చేత్తో నేనే..." అంటుంది, ఆపేస్తుంది.

డ్రైవరు కూతురు గుర్తొచ్చి హాల్లోకి పరుగెత్తాను. వాళ్ళని తెల్లవారుజాము వరసలోకి మార్చారట. ఫోను నంబరు అడిగితే ఇవ్వకూడదన్నారు. కౌంటర్లో ఆవిడకు ముడి సంగతంతా చెప్పాను. "చెప్తాంలెండి" అంది, తలెత్తకుండా. ఎవరికి చెబుతుందో, చెబుతుందో లేదో. రేపు మా పిల్లకు మత్తిచ్చి మళ్ళీ స్కాను. దాన్ని వదిలి నేను కదల్లేను.

తెల్లవారుజామున ఆ హాల్లో కూర్చునేవాళ్ళెవరైనా ఇది చదివితే, ఖాకీ చొక్కా నాన్న ఒళ్ళో ఒక పిల్ల ఉంటుంది. పేరు నాకు తెలీదు, పాపా అంటే పలుకుతుంది. ఆ పిల్ల లోపలికి వెళ్ళకముందే, గుడ్డ కింద నడినెత్తిన ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి.