గొడుగు పట్టిన నత్త

తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఆ ఇంట్లో పెద్దకోడలూ చిన్నకోడలూ పాలూ నీళ్ళలా కలిసిపోయారు. వెనక గదిలో ఇద్దరూ కూర్చుని మట్టి పూలకుండీలకు రంగులు వేసి, మొక్కల నర్సరీకి ఇచ్చేవాళ్ళు. పెద్దకోడలు పలచటి ప్లాస్టిక్ షీటు మీద బొమ్మ గీసి, బ్లేడుతో కోసి స్టెన్సిల్ తయారుచేసేది. చిన్నకోడలు దాన్ని కుండీ చుట్టూ టేపుతో అంటించి, స్పాంజితో రంగు అద్దేది. బిందె మోసే చీమలూ, గొడుగు పట్టిన నత్తా, అన్నీ పెద్దకోడలి బుర్రలో పుట్టినవే. మాటకారితనం మాత్రం చిన్నకోడలిది. అందుకని నర్సరీతో వ్యవహారమంతా ఆవిడే చూసుకునేది.

ఒక ఆదివారం, కుండీల అలంకరణ నేర్పమని నర్సరీ వాళ్ళు చిన్నకోడల్ని పిలిచారు. హడావిడిలో ఆవిడ చూపించాల్సిన కుండీలు రెండు ఇంట్లోనే మరిచిపోయింది. పెద్దకోడలు వాటిని సంచిలో సర్దుకుని వెనకాలే బయలుదేరింది.

నర్సరీ రేకుల షెడ్డు నిండా నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎవరో అడుగుతున్నారు.

"ఈ బొమ్మలన్నీ మీరే గీస్తారా అండీ?"

"నేనే. ఊరికే కూర్చున్నప్పుడు తడుతుంటాయి. ఈ నత్త కూడా అలా తట్టిందే."

"ఇంట్లో ఎవరైనా సాయం చేస్తారా?"

"మా తోడికోడలు ఉంది. కుండీలు కడిగి ఇస్తుంది, పాపం."

పెద్దకోడలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చిన్నకోడలు తలెత్తి ఆమెను చూసింది. చూసి, తల దించుకుని, రంగు కలపడంలో పడింది. పెద్దకోడలు సంచిని గుమ్మం పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. ఆ నత్తను ఆమె గీసింది, చిన్నకోడలు కడుపు పోయి మంచం పట్టినప్పుడు, ఒక్కసారైనా నవ్వుతుందేమోనని. దారి పొడుగునా అదే గుర్తొచ్చింది.

సాయంత్రం చిన్నకోడలు వంటింట్లోకి వచ్చింది.

"ఏదో నోరు జారిందక్కా."

"నోరు జారితే ఒక మాట జారుతుంది. నువ్వు కథే అల్లావు."

"అంతమంది మెచ్చుకుంటుంటే కాదనలేకపోయాను."

"నన్ను చూశాకైనా అనొచ్చుగా, ఇదిగో మా అక్క అని."

పక్కనే కూర్చున్న అత్తగారు కల్పించుకున్నారు. "ఒక్క మాటకి ఇంత రాద్ధాంతం దేనికమ్మా? ఇంట్లోవాళ్ళేగా."

"ఇంట్లోవాళ్ళు కాబట్టే అత్తయ్యా" అంది పెద్దకోడలు, గిన్నెలు తోముతూనే.

మళ్ళీ క్లాసు పెట్టినప్పుడు చిన్నకోడలు అందరి ముందూ నిజం చెప్పేసిందట. బొమ్మలన్నీ మా అక్కవే, నాకు గీత కూడా తిన్నగా రాదు అందట. నర్సరీ ఆవిడ పనిగట్టుకుని ఇంటికొచ్చి మరీ ఆ సంగతి చెప్పి, పెద్దకోడల్ని మెచ్చుకుని వెళ్ళింది.

మనసు చల్లబడుతుందనుకుంది పెద్దకోడలు. చల్లబడలేదు. ఆ రోజు తను విన్నది కాబట్టి చిన్నకోడలు నిజం చెప్పింది. వినకపోయి ఉంటే?

ఇప్పటికీ ఇద్దరూ ఆ గదిలోనే పని చేస్తారు. అక్కా అంటే పలుకుతుంది, అడిగిన స్టెన్సిల్ ఇస్తుంది. కానీ కొత్త బొమ్మ గీస్తున్నప్పుడు చిన్నకోడలు వచ్చి పక్కన నిలబడితే, పెద్దకోడలు పెన్సిల్ కింద పెట్టేస్తుంది. ఆవిడ అవతలికి వెళ్ళేదాకా మళ్ళీ తీయదు.