జరీ ఈగ

ఆదోని బజారులో జరీ అంగడి పెట్టుకున్న రంగనాయకులు శెట్టి పుట్టి బుద్ధెరిగాక చేపను నోట పెట్టినవాడు కాదు. అయినా చేపను మాయచేసే ఈగను కట్టడంలో తనంతటివాడు తుంగభద్రకు ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడని ఆయన నమ్మకం. గాలపు కొక్కేనికి సన్నటి జరీ పోగు చుట్టి, దాని మీద నెమలి ఈక నూగును దారంతో బిగించి, నీళ్ళ మీద వాలిన పురుగులా కనిపించేటట్టు చేయడం ఆయన విద్య. నేర్పినవాడు కాలవల ఇంజనీరు సేతుమాధవరావు.

ఇంజనీరుగారిదీ వింత సరదానే. ఆచారం గల మాధ్వుల ఇల్లు. ఆనకట్ట కట్టే రోజుల్లో ఒక దొర దగ్గర పనిచేసి ఈ పిచ్చి అంటించుకున్నాడు. ఆదివారం పూట నదికి పోయి, చేపను పట్టి, ముద్దుగా చూసుకొని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. ఇంటికి పోతే తల్లి అంబాబాయి, నెత్తిన నీళ్ళు పోసుకుంటే గాని గడప తొక్కనిచ్చేది కాదు. జరీ కోసం అంగడికి వచ్చిన ఆయనకు శెట్టి వేళ్ళ నేర్పు నచ్చింది. అప్పటి నుంచి ఆదివారమొస్తే జీపులో ముందు సీటు శెట్టిదే. పత్తి వ్యాపారులు, ధాన్యం దళారులు అంగళ్ళ ముందు నిలబడి చూస్తుండగా ఇంజనీరు పక్కన కూర్చొని పోవడం ఉంది చూశారూ, ఆ సుఖం ముందు ఆయనకు వ్యాపారంలో లాభం కూడా చప్పగానే ఉండేది.

ఆ సుఖానికి నరసప్ప అడ్డొచ్చాడు.

నరసప్పది ఎమ్మిగనూరు. దుప్పట్లు నేసే మగ్గం, పెరట్లో పందెం కోళ్ళు, వీధంతా వినపడే నోరు. కాలవ గట్టు మీద ఇంజనీరు గాలం వేస్తుంటే చూసి, వారం తిరక్కుండా తానూ ఒక ఈగ కట్టుకొచ్చి చూపించాడు. వాడు వాడింది కోడిపుంజు మెడ ఈక. నెమలి నూగు నీళ్ళు తాగితే వాలిపోతుంది. పుంజు మెడ ఈక మాత్రం బిరుసుగా, పురుగు కాళ్ళలా నిక్కబొడుచుకొని నిలుస్తుంది. ఆ సంగతి శెట్టికీ తెలుసు. కానీ కోడి ఈకను ముట్టడమా? నేల రాలిన నెమలి ఈక, పాలపిట్ట ఈక తప్ప మరొకటి ఆయన చేతికి తగలకూడదు. ఆ నియమాన్ని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడదే కాళ్ళకు సంకెల అయింది. నరసప్ప ఈక ఎంత పొందిగ్గా నిలిచిందో చూశారా అని ఇంజనీరు అన్ననాడు ఆయనకు అన్నం సయించలేదు.

మరుసటి ఆదివారానికి నరసప్ప జీపు వెనక సీటులోకి వచ్చి చేరాడు. వాడు వెనక నుంచి ఏదో ఒకటి వాగుతుంటే ఇంజనీరు మెడ తిప్పి మరీ వింటున్నాడు. శెట్టి ముందు సీటులో దిగాలుగా కూర్చొని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. వాడి నవ్వు గిట్టలేదు, వాడి కోళ్ళ కథలు గిట్టలేదు, ఆఖరికి వాడు దగ్గితే కూడా గిట్టలేదు. ఇంట్లో ఆ మంట వెళ్ళగక్కితే భార్య జయమ్మ నవ్వింది. ఆ సారూ తినడు, మీరూ తినరు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎత్తిపొడిచింది.

పుష్యమాసంలో ఇంజనీరు ఒక పందెం పెట్టాడు. కౌతాళం దాటి నది ఒడ్డున, బండల మధ్య మడుగులో ఒక పెద్ద చేప చాలా కాలంగా ఆయనకు చిక్కకుండా ఆడిస్తోంది. ఇద్దరూ తలా ఒక ఈగ కట్టి తేవాలి. ఆ చేప ఎవరి ఈగకు పడుతుందో ఇక మీదట వాళ్ళ ఈగలే తన పెట్టెలో ఉంటాయన్నాడు. పెట్టెలో ఎవరి ఈగ ఉంటే జీపు ముందు సీటులో వాళ్ళుంటారని శెట్టికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ వారంలోనే నరసప్ప అంగడికి వచ్చాడు. ఇన్నాళ్ళూ వాడు ఈగ ఒంటికి నూలే చుడుతున్నాడు. ఈసారి జరీ చుట్టమని ఇంజనీరు సలహా ఇచ్చాడట.

"దుప్పట్లు నేసేవాణ్ణి, జరీ సంగతి నాకేం తెల్సు అన్నా? నువ్వే ఒకటి ఏరి ఇయ్యి" అన్నాడు.

పై అరలో వెండి తీగ జరీ ఉంది. కింది అరలో నాటకాల కిరీటాలకు వాడే నకిలీ జరీ ఉంది. రాగి తీగకు ఉత్త పూత. పొడిగా ఉన్నంతసేపూ అసలు దానికన్నా ఎక్కువే మెరుస్తుంది. తడి తగిలితే పూత ఊడి, మసిబట్టిన గిన్నెలా అవుతుంది. శెట్టి చెయ్యి పై అర దాకా పోయింది, ఆగింది, కిందికి దిగింది. డబ్బు కూడా వద్దన్నాడు. నరసప్ప ఆ చుట్టను కళ్ళకద్దుకున్నాడు. అది చూసి శెట్టికి గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్న మాట నిజం. అయితే ముందు సీటు గుర్తొచ్చి ఆ ముల్లును తానే పీకి పారేశాడు.

ఆదివారం మడుగు అడుగున గులకరాళ్ళు కనిపించేటంత తేటగా ఉంది. ఇంజనీరు మొదట శెట్టి ఈగనే వేశాడు. పాలపిట్ట ఈక, అసలైన వెండి జరీ. ఎండకు తళుక్కుమంది. బండ కింద నుంచి పెద్ద నీడ ఒకటి లేచి, జానెడు దూరం దాకా వచ్చి, చటుక్కున తిరిగిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. మూడోసారి అసలు లేవనే లేదు.

తరువాత నరసప్పది. కాసేపు ఆడించి, ఇంజనీరు దాన్ని పైకి లాగి చూశాడు. జరీ నల్లబడింది. శెట్టికి కడుపు చల్లబడింది. తెచ్చింది ఎలాగూ తెచ్చాం కదా అని ఇంజనీరు ఆ నల్ల ఈగనే మళ్ళీ విసిరాడు. అది నీళ్ళను తాకిందో లేదో మడుగు భళ్ళున పగిలింది.

చేపను ఒడ్డుకు తెచ్చేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. రెండు చేతులా ఎత్తి చూసుకొని, వదిలేసి, పసివాడిలా నవ్వాడు. ఇంత తేట నీళ్ళలో మెరుపు ఎక్కువైతే చేప బెదురుతుందని, నల్లబడే జరీ ఉంటుందని తనకే తోచలేదని, ఇది ఎవరి బుర్రలో పుట్టిందని అడిగాడు.

"నాకేడిది సార్ అంత బుర్ర? ఈ అన్న ఏరి ఇచ్చినాడు" అన్నాడు నరసప్ప. "తాను కట్టుకోకుండా నాకిచ్చినాడు. పందెమని తెలిసీ ఇచ్చినాడు."

ఇంజనీరు శెట్టి వైపు చూసిన చూపులో ఇంతకు ముందెన్నడూ లేని గౌరవం ఉంది. ఆ జరీ ఇంకా ఉందా అని అడిగాడు. అంగట్లో నాలుగు చుట్టలున్నాయి. వాటిని ఎవరైనా చూస్తే గుట్టు బయటపడుతుంది.

"అయిపోయింది సార్" అన్నాడు.

నరసప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఉన్నదంతా నాకే ఇచ్చినావా అన్నా?"

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే వీడి దండాలు మొయ్యాలి. శెట్టి మొయ్యడానికే సిద్ధపడ్డాడు. జీపు దగ్గర ఇంజనీరు ముందు తలుపు తెరిచి, పందెం గెలిచినవాడని నరసప్పను ఎక్కమన్నాడు. నరసప్ప ఒప్పుకోలేదు. శెట్టి భుజాలు పట్టుకొని ముందు కూర్చోబెట్టి, తాను వెనక ఎక్కాడు.

ఆదోని బజారులో ఎప్పటిలాగే అంగళ్ళవాళ్ళు లేచి చూశారు. వెనక నుంచి నరసప్ప, అడిగినవాడికీ అడగనివాడికీ శెట్టి మంచితనం చెబుతూనే ఉన్నాడు. ముందు సీటు వదులుకొని కూడా వాడు అంత హాయిగా ఎలా నవ్వుతున్నాడో శెట్టికి అర్థం కాలేదు. వాడి ఈకలను చూసి ఆయన ఏడ్చింది తక్కువ. ఆ నవ్వును చూసి ఏడ్చిందే ఎక్కువ.