స్లీపరు చెక్క బల్లలు

ఊరక రారు మహానుభావులు అంటారు కదా. మా బడి కమిటీ ప్రెసిడెంటు నగరేశ్వరరావు గారు మిక్చరు పొట్లాలు మోయించుకుని వచ్చిన రోజునే మాకు వాసన తగిలుండాల.

డెబ్భై నాలుగు ఏప్రిల్ ఆఖరు అది. పరీక్షలు అయిపోయినాయి. పాసయిన పిల్లల పేర్లు చదివేసినాం. మ్యాపులు చుట్టి బీరువాలో పెట్టేసినాం. ఖరగ్‌పూర్‌లో బెంగాలీ బడులకి జనవరిలో ఏడాది మొదలవుతాది. మన తెలుగు బడి మాత్రం ఆంధ్రదేశం లెక్కనే నడిచేది, జూన్ నుంచి ఏప్రిల్ దాకా. ఆఖరి రోజున టీచర్లందరం కూర్చుని, వచ్చే ఏడాది ఎవరికి ఏ క్లాసు, ఏ లైన్లకి ఎవరు తిరగాల అని అనుకోవడం ఆనవాయితీ. ఏ ఏడాదీ మాకు గ్లాసుడు టీ పోసిన పుణ్యాత్ముడు లేడు. ఆ రోజు టీ, దాని పక్కన పొట్లం. నేను డ్రిల్లు మేస్టర్ని, నా పేరు చిన్నారావు. ముందుగా పొట్లం విప్పింది నేనే.

లైన్లకి తిరగడం అంటే ఏటో ఇప్పటి కుర్రాళ్లకి తెలీదు. సెలవుల్లో మేం రైల్వే క్వార్టర్ల వెంట గుమ్మం గుమ్మం ఎక్కి, పిల్లల్ని బడికి పంపమని అడిగేవాళ్లం. అడక్కపోతే పిల్ల హిందీ బడికి పోతాది, లేదంటే ఇంజన్ల షెడ్డు పక్కన బొగ్గు ఏరడానికి పోతాది. టీచరు గుమ్మంలోకి వస్తే ఆ ఇంటి ఆడమనిషి ఉన్న పని వదిలేసి పీట వేసేది, మంచినీళ్లు ఇచ్చేది. నిమ్‌పురా లైన్లలో యూనియన్ మాట వినని ఇల్లు ఉండొచ్చు గాని, టీచరు మాట వినని ఇల్లు లేదు. ప్రెసిడెంటు గారి కన్ను ఆ నమ్మకం మీద పడింది.

మే ఎనిమిదిన రైల్వే సమ్మె. ఆయనకి బజారులో కిరాణా కొట్టు ఉంది, కాంటీన్లకి సరుకులేసే కంట్రాక్టు ఉంది. పైవాళ్ల దగ్గర మంచి అనిపించుకోవాలని ఉబలాటం ఉంది. అంచేత ఆయన చెప్పింది ఏటంటే, ఈసారి లైన్లకి తిరిగినప్పుడు ప్రతి ఇంట్లో ఇంకో మాట కూడా చెప్పాల. ఇంటాయన సమ్మెలోకి పోతే జూన్‌లో పిల్లకి బడిలో చోటు లేదు. ఆ మాట చెప్పని టీచరుకీ చోటు లేదు. సుద్దముక్కలు వృథా చేయకండర్రా అన్నంత మెత్తగా చెప్పినాడు. మా హెడ్మాస్టరు ఈశ్వరరావు గారు చొక్కా గుండీ వైపు చూసుకుంటూ, అలాగే సార్ అన్నాడు. మిగిలిన వాళ్లకి మిక్చరులో పల్లీలు ఏరుకోవడం మహా ముఖ్యమైన పని అయిపోయింది.

మాలో సుజాతమ్మ అని నాలుగో క్లాసు టీచరు ఉండేది. రైల్వే బాయిలర్ షాపులో పనిచేసి చనిపోయిన మనిషి కూతురు. ఇంట్లో మంచం పట్టిన తల్లి. చేరిన నాటి నుంచి టెంపరవరీయే. ఏటా ఏప్రిల్‌లో వెళ్లిరా అమ్మా అనేవారు, జూన్‌లో రా అమ్మా అనేవారు. ఆ మధ్యలో తల్లీ కూతుళ్లు ఏం తిన్నారో అడిగినవాడు లేడు. ప్రెసిడెంటు గారు ఆ పిల్ల వైపు తిరిగి, ఈసారి నిన్ను పర్మనెంటు చేసేస్తున్నాం, నిమ్‌పురా లైన్లు నీవే కదా అన్నాడు. సమ్మె గట్టిగా పట్టింది నిమ్‌పురాలోనే మరి.

సుజాతమ్మ పొట్లం విప్పలేదు. ఒక్క మాటే అడిగింది.

“పిల్లలు ఏటి చేసినారండి?”

ఆయన నవ్వినాడు. పిల్లలని ఎవరన్నారు తల్లీ, తండ్రులకి బుద్ధి చెప్పమంటున్నాను అన్నాడు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాల?

సుజాతమ్మకి తోడు నన్ను వేసినారు. మా ఇద్దరి మీద కాపలాకి ప్రెసిడెంటు గారి గుమస్తా, గొడుగుతో. మొదటి గుమ్మం లోకో షెడ్డు ఖలాసీ నూకయ్యది. వాళ్ల అమ్మాయి కుసుమ నాలుగు పాసయి ఐదులోకి వచ్చింది. నూకయ్య భార్య జోగమ్మ పీట వేసింది. సుజాతమ్మ కూర్చోలేదు.

“జోగమ్మా, నన్ను చెప్పమన్న మాట ముందు చెప్పేస్తాను. మీ ఆయన సమ్మెలోకి పోతే జూన్‌లో కుసుమకి బడిలో చోటు లేదంట. ఇది ప్రెసిడెంటు గారి మాట. ఇక నా మాట విను. కుసుమ ఎక్కడ కూర్చుంటే అక్కడికొచ్చి నేను చదువు చెప్తాను.”

గుమస్తా గొడుగు ముడిచి, వచ్చిన దారినే బజారుకి పోయినాడు. సుజాతమ్మ పర్మనెంటు ఉద్యోగం కూడా వాడి వెనకే పోయింది. ఆ సంగతి ఆ పిల్లకి తెలుసు. తెలిసే రెండో గుమ్మం ఎక్కింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఆడాళ్లందరూ పోగయినారు. బిందెలు నిండి పొర్లిపోతున్నా కట్టేసే వాళ్లు లేరు. జోగమ్మ పక్కింటి పోలమ్మ గట్టిగానే తగులుకుంది. ఆమె మొగుడూ షెడ్డులో ఖలాసీయే.

“నీకేటే జోగీ, నీ మొగుడు యూనియనోడు. మావోడు నోట్లో నాలిక నేనోడు. మనం ఎలాగా మసిలో పుట్టి మసిలో పోతన్నాం. నా గుంటడికి నాలుగచ్చరాలు రానీవే.”

ఆ మాట తప్పని నేను అనను. మసి తినే వాళ్లు పిల్లలకి అక్షరం కోరుకోవడం తప్పయితే ఇంక బడులెందుకు? చాలామంది తల వంచుకున్నారు. జోగమ్మ మాత్రం బిందె దించి ఎదురు నిలబడింది.

“బడి ఎవలిదే పోలీ? ఆ బల్లలు ఎవలు సేసినారు? నీ మావ కాదేటి? ఆ సెక్క మోసుకొచ్చినోడు మా అయ్య కాదేటి?”

అది నిజం. బడి పెట్టిన కొత్తలో పిల్లలు నేల మీద కూర్చునేవారు. వర్క్‌షాపులో విల్‌ఫ్రెడ్ అని ఒక ఫోర్‌మేన్ ఉండేవాడు. పట్టాల కింద వేసే స్లీపరు చెక్కల్లో పనికిరానివి చూపించి, పొయ్యిలోకి పోయే సరుకు, కావాలంటే పట్టుకుపొమ్మన్నాడు. మనవాళ్లు డ్యూటీ దిగాక ఆ చెక్క మోసుకొచ్చి, చిత్రిక పట్టి బల్లలు చేసినారు. పోలమ్మ మామగారు కార్పెంటరు. ఒక్కో బల్ల ఎత్తాలంటే నలుగురు కావాల. నూనె వాసన ఎన్నేళ్లయినా పోలేదు. కమిటీ ఇచ్చింది గోడలూ, ప్రెసిడెంటు గారి తండ్రి పేరు చెక్కిన రాయీ.

పోలమ్మ బిందె ఎత్తుకుని పోయింది. ఆమె మొగుడు డ్యూటీకే వెళ్లినాడు. ఆ తర్వాత కుళాయి దగ్గర ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

సమ్మె కథ మీకు తెలిసిందే. యార్డు మూగబోయింది. షంటింగు చప్పుడు లేక చంటిపిల్లలు నిద్దరపోలేదంటే నమ్మండి. అప్పటికే నూకయ్యని పట్టుకుపోయి మేదినీపూర్ జైల్లో పెట్టినారు. పోలీసులు లైన్లలోకి వచ్చి వండిన కుండలు తన్నేసినారు. మే నెల తిరక్కుండానే సమ్మె తీసేసినారు పైన యూనియన్ పెద్దలు. ఎందుకు తీసేసినారో మాకు ఎవరూ చెప్పలేదు. నూకయ్య ఉద్యోగం పోయింది, ఆ వెంటనే క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు. గోరుచుట్టు మీద రోకటి పోటు. మేం ఓడిపోయినాం. తియ్యగా చెప్పడం నాకు చేతకాదు, ఓడిపోయినాం.

జూన్‌లో బడి తెరిచిన రోజున ప్రెసిడెంటు గారు గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్లే ప్రతి పిల్లనీ ఆపి, మీ నాన్న డ్యూటీకి వెళ్లినాడా అని అడుగుతున్నాడు. పిల్లల్ని, వినండి, పిల్లల్ని అడుగుతున్నాడు. ఔనన్న వాళ్లు లోపలికి, లేదన్న వాళ్లు రోడ్డు అవతలికి. సుజాతమ్మకి రావొద్దని ముందే కబురు పెట్టేసినారు. అయినా వచ్చి రోడ్డు అవతల నిలబడింది. కుసుమ వంతు వచ్చింది.

“మా నాన్న జైల్లో ఉన్నాడు,” అన్నాది. తల వంచలేదు.

“అయితే ఆ జైల్లోనే చదువుకో, పో,” అన్నాడాయన.

పక్కనున్న కమిటీ వాళ్లు కిసుక్కుమన్నారు. కుసుమ ఏడవలేదు. నేను నోరు తెరిచే లోపలే జోగమ్మ ఆ పిల్లని రోడ్డు దాటించి సుజాతమ్మ పక్కన నిలబెట్టి, తిరిగి వచ్చింది. వెనకాల నిమ్‌పురా ఆడాళ్లు.

“ఠీక్ హై బాబూ. మా పిల్లలు లోపలికి రాకూడదు. మా బల్లలు బయటికొస్తాయి.”

ఆయనకి అర్థమయ్యే లోపల వాళ్లు గేటు దాటేసినారు. ఐదో క్లాసులో మొదటి బల్ల దగ్గరే ఆగిపోయినారు. పట్టుకున్నది ముగ్గురు, నాలుగో మూల లేవడం లేదు. ఆ బల్ల మీద పోలమ్మ కొడుకు కూర్చుని ఉన్నాడు. వాడిని బడిలో దిగబెట్టడానికి వచ్చిన పోలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అందరూ ఆమెనే చూసినారు. ఆమె లోపలికి వచ్చింది, కొడుకుని రెక్క పట్టుకుని దించింది, చీర కుచ్చిళ్లు దోపుకుంది, నాలుగో మూల ఎత్తింది.

“పదండే. మా మావ సేసిన బల్ల ఇది,” అన్నాది.

ఆ తర్వాత ఆగిందేదీ లేదు. అడ్డొచ్చిన హెడ్మాస్టరు గారు గోడకి అతుక్కుపోయినాడు. డ్యూటీకి వెళ్లిన వాళ్ల పిల్లలు కూడా, కూర్చోడానికి ఏం లేక, బల్లల వెనకే నడిచినారు. నిమ్‌పురా యార్డు కంచె పక్కన బూడిద నేల మీద బల్లలు వరసగా పడ్డాయి. సుజాతమ్మ కొంగుతో దుమ్ము తుడిచి, రెండో ఎక్కంతో పాఠం మొదలెట్టింది.

మధ్యాన్నం పోలీసులు వచ్చినారు. స్లీపరు చెక్క రైల్వే సొత్తు, దొంగతనం కేసు అన్నారు. ప్రెసిడెంటు గారే కంప్లైంటు ఇచ్చినాడు. ఇన్నేళ్లూ వార్షికోత్సవాలకి వచ్చిన పెద్దలు ఆ బల్లల మీదే కూర్చుని దండలు వేయించుకున్నారు, అప్పుడు చెక్క ఎవరి సొత్తో ఎవరూ అడగలేదు. సుజాతమ్మ కుర్చీ లేక నిలబడే ఉంది. బల్లల మీద పిల్లలున్నారు, బడి వదిలాక తీసుకెళ్లండి అన్నాది. వాళ్లు అంతసేపు ఆగలేదు. పిల్లల్ని చొక్కాలు పట్టి లాగేసినారు. బల్లలు లారీ ఎక్కించినారు. సుజాతమ్మని, జోగమ్మని, పోలమ్మని వ్యాను ఎక్కించినారు. పోలమ్మ మొగుడు డ్యూటీ చేసిన కాగితం పట్టుకుని వ్యాను వెనక పరిగెత్తినాడు. ఆ కాగితం ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నేను ఈల మెడలో వేసుకుని నిమ్‌పురా వెళ్లినాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, పిల్లల్ని వరసలో నడిపించడం. ఈల ఊదినాను. లైన్లలోంచి పిల్లలు వచ్చినారు, సమ్మె చేసిన ఇళ్ల నుంచీ చెయ్యని ఇళ్ల నుంచీ. వాళ్ల వెనక తల్లులు, ఉద్యోగాలు పోయిన తండ్రులు. పూరీ గేటు అనే రైలు గేటు దాటి, బడి ముందు నుంచే, ఎడమ కుడి వేసుకుంటూ పోలీసు థానాకి పోయినాం. ఆవరణలో మా బల్లలు ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. దించుకుని, క్లాసుల వారీగా వేసుకుని కూర్చున్నారు పిల్లలు.

థానా పెద్ద అధికారి, బొడోబాబు అంటారు, బయటికి వచ్చి, ఇదేమిటి మేస్టారూ అని బెంగాలీలో గద్దించినాడు. బడి, దాదా, అన్నాను నేను. జైల్లోనే చదువుకోమని ప్రెసిడెంటు గారే పంపినారు అన్నాను. ఆయన లాఠీలవాళ్లని పిలిచినాడు గాని, తల్లులు బల్లల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతలో లాకప్ కిటికీలోంచి సుజాతమ్మ గొంతు వినబడింది.

“రెండొకట్ల రెండు.”

పిల్లలు అందుకున్నారు. లోపల్నుంచి ఆమె ఒకటి చెప్తే, బయట పిల్లలు దాన్ని ఊరందరికీ వినబడేలా చెప్పినారు. ఎక్కం వెనక ఎక్కం. రోడ్డు మీద రిక్షాలు ఆగిపోయినాయి. మేదినీపూర్ తీసుకెళ్లడానికి వ్యాను వచ్చేసరికి పది పదుల వంద దాకా వచ్చినాం. ఆడాళ్లు ముగ్గురినీ వెనక తలుపు గుండా తోసుకుంటూ ఎక్కించినారు. సుజాతమ్మ వ్యాను కిటికీ జాలీలోంచి చూసి, “పదకొండో ఎక్కం రేపు,” అన్నాది.

రేపు చెప్పేదెవరు? మర్నాడు కూడా థానా ఆవరణలోనే బల్లల మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. నాకు డ్రిల్లు తప్ప ఏమీ రాదు. ఈల చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు గేటులోంచి మా హెడ్మాస్టరు ఈశ్వరరావు గారు వచ్చినాడు. ఆయన వెనక టీచర్లందరూ, మిక్చరు తిన్న వాళ్లందరూ. హెడ్మాస్టరు చేతిలో బీరువాలోంచి తీసుకొచ్చిన సుద్దముక్కల డబ్బా ఉంది. చొక్కా గుండీ వైపు ఓసారి చూసుకున్నాడు, తర్వాత తలెత్తి పిల్లల వైపు చూసినాడు.

“పదకొండొకట్ల పదకొండు,” అన్నాడు.

పిల్లలు అందుకున్నారు.