గంజి ఆరేలోగా

థూ! అవి బియ్యమా? నలభై తొమ్మిదిలో గాలివాన పోయాక మా సాలెపేటకి పంచిన సాయం బియ్యం సంగతి చెబుతున్నాను. చేటలో పోస్తే పురుగులు ముందు నడిచాయి, నూకలు వెనకాల నడిచాయి. వండితే ఇల్లంతా కంపు. పిల్లలు ముక్కు మూసుకుని మింగి, మింగిందంతా వీధిలో కక్కారు. పంచినవాళ్ళు మాత్రం మా చేత చేటలు ఎత్తి పట్టించి ఫోటోలు తీయించుకున్నారు. "నవ్వండమ్మా" అన్నాడు ఆ ఫోటోలవాడు. నవ్వాలట! వాడి మొహం మండ.

కాలవలో గొడ్లు ఉబ్బి తేలుతున్నాయి. బావిలో ఉప్పునీళ్ళు. ఇంటింటా మగ్గం గుంట నిండా బురద. ఇంత జరిగితే మా మగాళ్ళు ఏం చేశారంటారా? అరుగులెక్కి కూర్చున్నారు. ఈ అరుగు మీద ఖద్దరు వాళ్ళు, ఆ అరుగు మీద ఎర్రజెండా వాళ్ళు. గాలివానని కూడా అవతలి పార్టీయే పంపినట్టు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుపులు. తెల్లవాడు పోతే మన బతుకులు తెల్లారతాయని నేనూ నమ్మినదాన్నేలెండి. నా బుద్ధి గడ్డి తింది.

మా ఆయన వీరభద్రయ్య ఖద్దరు వైపు. గోడ అవతల ఉండే మా మరిది వెంకటప్పయ్య ఎర్రజెండా వైపు. అంతకు ముందు ఏడాది పోలీసులు పేట మీద పడి, దాక్కున్న ఎర్రజెండా వాళ్ళెవరికో అన్నం పెట్టాడని వెంకటప్పయ్యని పట్టుకుపోయి, అరికాళ్ళు వాచేట్టు కొట్టి పంపారు. తన పేరు చెప్పింది అన్నేనని అతని అనుమానం. ఆ రోజు నించీ అన్నదమ్ముల మధ్య మాట లేదు. మా ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. "ఆ ముక్క తమ్ముడితో అనెయ్యచ్చుగా" అంటే, "అడగడానికి వాడికి నోరు లేదా?" అని బిగుసుకుపోయేవాడు. ఛీ, ఒక్క కడుపున పుట్టిన మొండి ఘటాలు! నేనూ, మా తోడికోడలు చౌడేశ్వరీ మాత్రం గోడ మీదుగా చింతపండూ నిప్పూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం.

పేట మొత్తానికి ఒకే ఒక్క పడుగు మిగిలింది, మాది. పడుగంటే చీరకి నిలువునా సాగే నూలు పోగులన్నీ. గాలి ఎత్తుకోగానే నేను దాన్ని దూలానికి వేలాడగట్టాను. కోటా నూలు రెండిళ్ళకీ కలిపే ఇచ్చేవాళ్ళు కనక అందులో మరిదికీ సగం ఉంది. అది మగ్గమెక్కి చీరలైతే బెజవాడ షావుకారు తీసుకుంటాడు, రెండు పొయ్యిలూ రాజుకుంటాయి. కానీ చెమ్మ తగిలి అప్పటికే మగ్గిన వాసన కొడుతోంది. ఆ పూట కాసిన ఎండలోనే గంజి పెట్టకపోతే కుళ్ళిపోవడం ఖాయం.

గంజికి మంచి బియ్యం కావాలి. పురుగుల బియ్యం గంజి పెడితే నూలే పాడవుతుంది. మంచివి మా ఇంట్లో ఒక్క మానెడు ఉన్నాయి, మా కోడలు శివపార్వతి కోసం దాచినవి. పచ్చి బాలెంత. పాలు చాలక బిడ్డ ఒకటే గుక్క. మా అబ్బాయి నూలు కోసం బెజవాడ వెళ్ళి, రోడ్లు తెగి అక్కడే చిక్కుపడ్డాడు. బాలెంత నోటి దగ్గర కూడు లాక్కుని నూలుకి పొయ్యాలా? ఆ ఆలోచన వచ్చినందుకే నా మీద నాకు రోత పుట్టింది.

నేను కుండ ముందు కూలబడి తేల్చుకోలేకపోతుంటే శివపార్వతే వచ్చి బియ్యం చేటలోకి వంచింది.

"ఇవి వండుకుంటే రెండు పూటలు అత్తయ్యా. ఆ తర్వాత మళ్ళీ ఆ పురుగులేగా? గంజి కాచెయ్యండి" అంది.

గంజి అయితే కాచాం. గుంజలేవీ? వీధి ఈ చివర, ఆ చివర పాతిన గుంజలకి తాళ్ళు కట్టి పడుగుని బిగించడం మా అలవాటు. గుంజలు గాలివానకి కొట్టుకుపోయాయి. కొత్తవి పాతితే బురదలో నిలవలేదు. ఇక మనుషులే రెండు చివరలా తాళ్ళు పట్టుకు నిలబడాలి. గంజి తడి ఆరేలోగా మిగతావాళ్ళు కుంచెలతో దువ్వాలి. ఈలోపు పడుగు వదులైందా, పోగులన్నీ అంటుకుని అట్ట కడతాయి. ఇక పారబొయ్యడానికే.

తిన్నగా అరుగుల దగ్గరికి పోయాను.

"మీ స్వరాజ్యాలూ మీ విప్లవాలూ గంజి ఆరాక చేసుకోండి! లేస్తారా, ఈ కుండ మీ నెత్తిన గుమ్మరించనా?"

"లేవండ్రోయ్, సుబ్బరత్నం అన్నంత పనీ చేస్తుంది" అని ముసలి చౌడయ్య మామ ముందు లేచాడు. ఆయన వెనకాల రెండు పార్టీలవాళ్ళూ గొణుక్కుంటూ లేచారు. వీధి మొగలో తాడు మా ఆయన పట్టాడు. అవతలి చివర చౌడయ్య మామ పట్టాడు. మా మరిది మాత్రం తన అరుగు మీదే మొహం తిప్పుకు కూర్చున్నాడు.

కుంచెలు సాగాయి. ఇటొకరు అటొకరు, ఒకే అడుగు, ఒకే లాగుడు. కమ్మటి గంజి వాసన లేచింది. ఇన్నాళ్ళూ పీల్చిన పీనుగు కంపు ఆ కాసేపు ముక్కుకి తెలియలేదు. నా ప్రాణం హాయిగా ఉంది. ఎన్నాళ్ళకి!

అంతలో వచ్చింది జీపు.

సాయం కమిటీ పెద్ద రామకోటేశ్వరరావు గారు దిగాడు. బురదలో కూడా మల్లెపువ్వులాంటి పంచె. వెనకాల ఆ ఫోటోలవాడు. జీపు నిండా బస్తాలు. ఒక బస్తా చిరుగులోంచి గింజలు జారుతున్నాయి. తెల్లటి, మంచి బియ్యం.

"ఏమిటిది, దారికి అడ్డంగా? తియ్యండి. లోపల సభ ఉంది" అన్నాడు.

"గంజి తడి మీద ఉందండీ. బస్తాలు ఇక్కడే దింపించండి, మేమే మోసుకుపోతాం" అన్నాను.

"సభలో పంచాలమ్మా, వీధి మొగలో కాదు. దారి ఇస్తే ఇవ్వండి, లేకపోతే ఇవి పక్క ఊరికి పోతాయి. వీరభద్రయ్యా, నువ్వు మనవాడివి. వదులు."

మనవాడట! బియ్యం చూసో, ఆ మాట వినో, మా ఆయన చేతులు సడలాయి. పడుగు మధ్యలో జారింది. అవతలి చివర చౌడయ్య మామ ఒక్కడూ ఆపలేక బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు.

"అన్నా! బిగించి లాగు!"

మా మరిది గొంతు! ఎప్పుడు అరుగు దిగాడో, చౌడయ్య మామ చేతిలో తాడు అందుకుని వెనక్కి వాలి నిలబడ్డాడు. మా ఆయన ఉలిక్కిపడి తాడు చేతులకి చుట్టుకుని లాగాడు. పడుగు లేచి బిగిసింది.

"వీరభద్రయ్యా!" అన్నాడు కమిటీ పెద్ద.

"చేతులు ఖాళీ లేవండీ, దణ్ణం పెట్టలేను. వెళ్ళిరండి" అన్నాడు మా ఆయన.

జీపు మా మీద బురద చిమ్ముకుంటూ వెనక్కి పోయింది, మంచి బియ్యంతో సహా. పేటంతా గుమ్మంలో బిడ్డతో నిలబడ్డ శివపార్వతి వంక చూసింది. నాకు తలెత్తడానికి మొహం లేదు.

"నన్ను చూస్తారేం? ఆరిపోతోంది" అని అది బిడ్డని చౌడేశ్వరి చేతిలో పెట్టి కుంచె అందుకుంది. కుండ అడుగున ఉన్న గంజి తాగితేగాని కుంచె పట్టనివ్వనని నేను పోట్లాడి తాగించాను.

కుంచెలు మళ్ళీ సాగాయి. అప్పుడు అరిచాడు మా మరిది. వీధికి ఆ చివర తను, ఈ చివర అన్న. తాడు వదిలి దగ్గరికి రావడానికి లేదు. పేటంతా వినేట్టు అరవాల్సి వచ్చింది.

"అన్నా! పోలీసులకి నా పేరు నువ్వే చెప్పావా?"

కుంచెలు ఆగాయి.

"లేదురా!" మా ఆయనా అరిచాడు. "అమ్మ మీద ఒట్టు, లేదురా!"

"మరి ఏడాది నించీ ఆ ముక్క చెప్పవేం?"

"నువ్వు అడిగితేగా!"

ఓరి మీ దుంపలు తెగ! ఈ రెండు ముక్కల కోసమా ఏడాదిపాటు ఒక గోడకి అటూ ఇటూ పీనుగుల్లా తిరిగారు? నోటికొచ్చిన తిట్లన్నీ తిడదామని మా ఆయన దగ్గరికి విసవిసా పోయాను. చూస్తే కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. తుడుచుకుందామంటే రెండు చేతులకీ తాడు చుట్టుకుని ఉంది. ముక్కు కూడా కారుతోంది, చిన్నపిల్లాడికి మల్లే. అసహ్యంగా ఉన్నాడు.

నా కొంగుతో కళ్ళూ ముక్కూ తుడిచాను.

"గంజి ఆరిపోతోంది. లాగు" అన్నాను.