కూర్చునే చోటున్న సినిమా

కోడలు పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. శుక్రవారం వచ్చిందంటే చాలు, అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళందరినీ ఒకటే మాట అడిగేది: "సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని చూడదగ్గ మంచి సినిమా ఏదైనా ఉంటే చెప్దురూ." వాళ్ళు పేరు చెప్పడం ఆలస్యం, రెండో ప్రశ్న వేసేది. "అందులోవాళ్ళకి కూర్చోడానికి చోటుందా?"

ఎందుకంటే, చూస్తూ చూస్తూ అత్తగారు కునుకు తీస్తే ఆ ఇంట్లో సినిమా ఆగిపోతుంది. ఆవిడ లేచేదాకా అందులోవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే వేచి ఉంటారు. రిమోట్ ఎంత నొక్కినా లాభం లేదు. పాపం మర్యాదస్తులే, గొంతు తగ్గించి కబుర్లు చెప్పుకుంటారు, చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంటారు. ఒకసారి మాత్రం ఒకాయన కొండ అంచు పట్టుకుని వేలాడుతుండగా ఆవిడ గురక అందుకుంది. ఆయన అవస్థ చూడలేక కొడుకు తల్లి మొహాన నీళ్ళు చల్లాల్సొచ్చింది. దానికి ఆవిడ ఆ పూటంతా అలిగి కూర్చుంది. అప్పట్నుంచీ కొండలూ సముద్రాలూ తుపాకులూ ఆ ఇంటి గడప తొక్కలేదు.

కోడలికేమో ఒక్క సినిమా అయినా ఏకబిగిన చివరిదాకా చూడాలని ప్రాణం కొట్టుకునేది.

"నిద్రొస్తే మంచమెక్కి పడుకోవచ్చుగా అత్తయ్యా?" అని విసుక్కునేది.

"నాకు నిద్రేమిటమ్మాయ్, కళ్ళు మూసుకుని వింటుంటేనూ!" అనేది ఆవిడ.

ఆ శనివారం పెట్టింది ఒక రైల్వే స్టేషన్ సినిమా. రైలు తప్పిపోయిన టీచరమ్మ, వయొలిన్ వాయించే ఒకాయన, వాళ్ళకో పొడవాటి బల్ల, పక్కనే మంచినీళ్ళ కుళాయి. ఇంకేం కావాలి? మధ్యాహ్నం, కథ మంచి పట్టులో ఉండగా సినిమా ఆగింది. కోడలు అత్తగారి వైపు చూడనైనా చూడకుండా నిట్టూర్చి, ఆరిన బట్టలు తీయడానికి వెనక్కి వెళ్ళింది.

కాసేపటికి ముందుగదిలోంచి గణగణమని స్టేషన్ గంట. దానికి తోడు వయొలిన్, అదీ శ్రుతీ పాడూ లేకుండా. కోడలికి ఒళ్ళు మండిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని విసవిసా వచ్చి టీవీ ముందు నిలబడింది.

"ఏమిటండీ ఈ గోల? పెద్దావిడ పడుకుందని కనబడట్లేదా?"

టీచరమ్మ తెర దగ్గరికంటా వచ్చి, వేలు చాపి చూపించింది. కోడలు వెనక్కి తిరిగింది. అత్తగారి పెదవి ఒక పక్కకి జారిపోయి ఉంది. చెయ్యి కుర్చీ పక్కకి వేలాడుతోంది. రిమోట్ కింద పడి ఉంది.

కోడలు కుదిపింది, పిలిచింది, ఆవిడ పలకలేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతున్న భర్తని కేకేస్తే ఆయన తడికాళ్ళతోనే పరిగెత్తుకొచ్చాడు.

"సమయానికి తెచ్చారు," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "పడుకుందిలే అని వదిలేసి ఉంటే చేయి దాటిపోయేది. మందు పనిచేసింది. ఇక ఆవిడ కళ్ళు తెరవాలి."

ఆ కళ్ళే తెరుచుకోలేదు. మర్నాడు పొద్దున దుప్పటి కోసం కోడలు ఇంటికి వచ్చేసరికి టీవీ అలాగే ఉంది. టీచరమ్మా వయొలిన్ ఆయనా, బల్ల ఉండి కూడా, నిలబడే ఉన్నారు. ఆమెని చూడగానే ఏమైందన్నట్టు ఇద్దరూ తలెత్తారు.

"ఇంకా లేవలేదండీ," అంది కోడలు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఎన్ని సినిమాలు ఆగిపోయినా సరే, ఆవిడ లేస్తే చాలనుకుంది. "మీరైనా కూర్చోండి," అని వాళ్ళతో అని, తను అత్తగారి కుర్చీలో కూలబడింది. వాళ్ళు కూర్చున్నారు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

ఉన్నట్టుండి వయొలిన్ ఆయన పట్టాల వైపు చెవి రిక్కించాడు. దూరంగా రైలు కూత వినిపించింది. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని పెట్టె అందుకుంది. కోడలు ఒక్క ఉదుటున లేచి నిలబడింది. అప్పుడు మోగింది ఫోను.

"అమ్మ కళ్ళు తెరిచింది!" అన్నాడు భర్త. "మాట కాస్త ముద్దగా ఉంది కానీ, నన్ను గుర్తుపట్టింది."

"తెలుసండీ. రైలొచ్చింది."

"అమ్మ కూడా అదే అడుగుతోంది, టీచరమ్మ రైలెక్కిందా అని."

"ఎక్కుతోందని చెప్పండి. మిగతాది ఇంటికొచ్చి చూద్దురు గానీ అన్నానని చెప్పండి."

కోడలు కింద పడి ఉన్న రిమోట్ తీసి తుడిచింది. ఇప్పుడు నొక్కితే పనిచేస్తుంది. సినిమా చివరిదాకా చూడాలన్నా ఎవరూ అడ్డం లేరు. అయినా ఆమె తొందరపడలేదు. ఇద్దరూ రైలెక్కి, పెట్టె పైన సర్దుకుని, కిటికీ పక్కన సీట్లు చూసుకుని కూర్చునేదాకా ఆగి, అప్పుడు సినిమా ఆపింది.